పదిహేడేళ్ల పిల్లలకు గేరు పరిమితి ఉండాలా, అక్కర్లేదా?

కాలవగట్టు:
మన గట్ల మీద సాధన చేసే పిల్లల్లో కొందరు ప్రపంచ జూనియర్ రోడ్డు సైక్లింగ్ పోటీల మీద ఆశ పెట్టుకున్నారు. 17, 18 ఏళ్ల వారికి జరిగే ఆ పోటీల్లో 2022 చివరి వరకు గేరు పరిమితి ఉండేది. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు 7.93 మీటర్లకు మించి పోకూడదు, అంటే ముందు పళ్లచక్రానికి 52 పళ్లు, వెనుక దానికి 14. వెనుక పళ్లు తగ్గేకొద్దీ గేరు బరువవుతుంది. అంతర్జాతీయ సమాఖ్య 2023 నుంచి దానిని ఎత్తివేసినా, మా శిక్షకుడు ఇంకా 14 దగ్గరే ఆపుతున్నారు. ఇది న్యాయమేనా?

రావులపాలెం మాస్టారు:
ముమ్మాటికీ న్యాయమే. ఎదిగే వయసులో బరువు గేరు తొక్కిస్తే మోకాళ్లకు ముప్పు. చిన్న గేరులో కాళ్లు చురుగ్గా ఆడించడం వస్తే ఆ విద్య జీవితాంతం ఉంటుంది. 2013లో ఫ్లోరెన్సులో వాన్ డర్ పోల్, 2018లో ఇన్స్‌బ్రుక్‌లో ఎవెన్‌పోల్ ఈ జూనియర్ పోటీలను ఆ పరిమితితోనే గెలిచారు.

లంక కుర్రాడు:
మాస్టారూ, అప్పుడు పరిమితి అందరికీ ఒక్కటే. ఇప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే, 54కు 11 వేసుకున్నవాడు నిమిషానికి 95 చుట్లు తిప్పితే చాలు. మనవాడు 126 తిప్పాలి. ఇందులో న్యాయమెక్కడుందండీ?

రావులపాలెం మాస్టారు:
126 తిప్పడమే నేర్చుకోనివ్వండి.

అమలాపురం గృహిణి:
2025లో ఆ ప్రపంచ పోటీలు జరిగిన రువాండా రాజధాని కిగాలీ అంతా కొండలే. మన పిల్లలు ఎక్కే ఎత్తు కాలవ వంతెన ఒక్కటే. ముందు వారానికొకసారైనా మారేడుమిల్లి ఘాటుకు తీసుకువెళ్లండి.

లంక కుర్రాడు:
ఘాటు అవసరమే, కాదనను. కానీ మధ్యాహ్నం యానాం వైపు సముద్రపు గాలికి ఎదురు తొక్కి చూడండి, అది కొండకు తీసిపోదు. ఆ గాలి వీపున తగిలేటప్పుడు పెద్ద గేరు లేకపోతే కాళ్లు ఊరికే తిరుగుతాయి, సైకిలు వేగం పెరగదు.

రావులపాలెం మాస్టారు:
మీకు గాలి కనబడుతుంది, పళ్ల లెక్క కనబడుతుంది, పిల్లవాడే కనబడడు.

లంక కుర్రాడు:
ఆ మాట నాతో అనవద్దు. ఇంటర్ రెండో ఏడులో ఉండగా చప్టా దగ్గర ఇసుకలో సైకిలు జారి, కాలవలోని గుర్రపుడెక్కలో పడ్డాను. భుజం విరిగి, గట్టెక్కలేక, కొబ్బరి దింపు కార్మికుడొకాయన చూసేదాకా అక్కడే ఉన్నాను. వెంట బండి లేదు, రాలేదేమని అడిగినవారు లేరు. ఆ రోజు నా చక్రానికి ఉన్నవీ 14 పళ్లే. మీ పరిమితి నన్ను కాపాడలేదు, మాస్టారూ.

కాలవగట్టు:
జూరిచ్‌ ప్రపంచ పోటీల్లో జరిగిందీ ఇటువంటిదే. 2024 సెప్టెంబరు 26న జూనియర్ అమ్మాయిల పోటీలో, వానలో, అడవి దారిన 18 ఏళ్ల మ్యూరియెల్ ఫురర్ పడిపోతే, చాలాసేపు ఎవరికీ తెలియలేదు. మరునాడు ఆమె చనిపోయింది. మరుసటి ఏడాది కిగాలీలో ప్రతి ఒక్కరికీ జాడ తెలిపే పరికరం అమర్చారు.

రావులపాలెం మాస్టారు:
ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మాయికి ఈ ఏడాదే 17 నిండాయి, ఆమెకూ ఈ పోటీల పిచ్చే. తొక్కవద్దని చెప్పే ధైర్యం లేక, వేగమైనా పెరగకుండా ఉంటుందని ఆ 14 పళ్లను పట్టుకుని వాదిస్తున్నాను. మోకాళ్ల మాట అబద్ధం కాదు, కానీ నా భయం మోకాళ్ల గురించి కాదు.

అమలాపురం గృహిణి:
ఆ మాట అమ్మాయితో చెప్పారా, మాస్టారూ?

లంక కుర్రాడు:
భయం ఉంటే వెనుక బండి అడగండి, మాస్టారూ. అమ్మాయి గేరు తగ్గించి, ఆమెకు కారణం చెప్పకపోవడం మాత్రం అన్యాయం. ఆదివారం తెల్లవారుజామున రావులపాలెం నుంచి ముక్తేశ్వరం దాకా పిల్లల వెనుక నా మోటారు సైకిలు మీద నేనే వస్తాను.

రావులపాలెం మాస్టారు:
పంపుతాను. చెప్పవలసింది ఈ రాత్రే ఆమెకు చెబుతాను. వెనుక మాత్రం 14 పళ్లే ఉంటాయి.