మత్తుకు అలవాటుపడ్డ కుర్రాళ్ల పేర్లు గ్రామసభలో చదవాలా?

పద్మనాభం కుర్రోడు:
మాది విశాఖ దగ్గర పద్మనాభం మండలం. మొన్నటిదాకా గంజాయి ఒక్కటే అనుకున్నాం. ఇప్పుడు 'ఐస్' అనే మాట కూడా వినిపిస్తోంది, అదే మెథాంఫెటమిన్ అనే మత్తుమందు. వాడుతున్న కుర్రాళ్ల పేర్లు గ్రామసభలో మైకులో చదివి, జాబితా పోలీసులకు ఇవ్వాలని పెద్దలంటున్నారు. సిగ్గుపడి మానేస్తారట. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కల్లం రైతు:
చదవాల్సిందే. నా పొలంలో రెండు మోటార్లు పోయాయి. తీసిందెవరో ఊరందరికీ తెలుసు, నోరు విప్పేవాడు లేడు. 2021లో ఆపరేషన్ పరివర్తన అని పోలీసులు ఏజెన్సీలో గంజాయి తోటలు నరికేశారు. గట్టిగా పట్టుకుంటేనే ఏదైనా కదులుతుంది. బతిమాలితే మానే రకం కాదిది.

నర్సమ్మ:
రైతుగారూ, మీ కోపం అర్థమవుతుంది. కానీ అక్కడ నరికింది తోటల్ని. ఇక్కడున్నది మన పిల్లలు.

ఐస్ వాడినవాడికి రెండు మూడు రోజులు నిద్రుండదు, తిండి సయించదు. ఎవరో వెంటపడుతున్నారని అనుమానం పట్టుకుంటుంది. ఆపేశాక రోజుల తరబడి పడి నిద్రపోతాడు, లేచాక ఏదీ వద్దనిపించేంత దిగులు. చచ్చిపోవాలనే ఆలోచనలు వచ్చే రోజులవి. సరిగ్గా అప్పుడు మైకులో పేరు చదివితే ఆ పిల్లాడు ఏం చేసుకుంటాడోనని నా భయం. హెరాయిన్ అలవాటుకైతే బ్యుప్రెనార్ఫిన్ లాంటి మాత్రలున్నాయి. దీనికి అలాంటి మందు లేదు. కౌన్సెలింగ్, ఇంట్లోవాళ్ల ఓపిక, నెలల తరబడి. మధ్యలో ఒకసారి మళ్లీ వాడాడని వదిలేయకూడదు.

చట్టంలోనూ దారి ఉంది. మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం, 64ఏ సెక్షన్. వాడినందుకో, చిన్న పరిమాణం దొరికినందుకో కేసు పడ్డ వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ గుర్తింపు ఉన్న కేంద్రంలోగానీ వైద్యం చేయించుకుంటే ఆ కేసు నుంచి రక్షణ ఉంటుంది. ఐస్‌కి చిన్న పరిమాణమంటే 2 గ్రాముల లోపు. ఊరంతా పేరు మోగుతుందంటే ఇంక తనంతట తాను ఎవడొస్తాడు?

కల్లం రైతు:
ఆ సెక్షన్ సంగతి నాకు తెలీదమ్మా. మరి వాడేవాడే తోటివాళ్లకి ప్యాకెట్లు అంటగడుతున్నాడు కదా? వైద్యం మధ్యలో మానేసి పారిపోతే?

నర్సమ్మ:
పూర్తి చేయకపోతే ఆ రక్షణ తీసేయొచ్చని అదే సెక్షన్‌లో ఉంది. సరుకు తెచ్చేవాళ్ల సమాచారం మత్తుమందుల్ని అరికట్టే పోలీసు విభాగం ఈగల్ నంబరు 1972కి చెప్పండి, నేనూ మీ వెంటే ఉంటాను. మానాలనుకునే పిల్లలకి 14446 హెల్ప్‌లైన్ వేరే ఉంది. ఇద్దర్నీ ఒకే జాబితాలో కలపొద్దనే నా గోల.

ఒక తల్లి:
పేరు రాయను. మా అబ్బాయిని చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తిప్పుతున్నాను. రెండు బస్సులు మారాలి, ఆ రోజు కూలి పోతుంది. మానేశాడనుకున్నాక రెండుసార్లు మళ్లీ మొదలెట్టాడు. ఇప్పుడు నాలుగో నెల. పక్కింటివాళ్లకి ఇంకా తెలీదు కాబట్టే వాడు నాతో బస్సెక్కుతున్నాడు.

పద్మనాభం కుర్రోడు:
అమ్మా, మీరు రాసింది చదివాక నేనేం అడగాలో తెలిసింది. జాబితా వద్దు, ఆసుపత్రికెళ్లేవాళ్లకి పంచాయతీ బస్సు ఛార్జీలివ్వాలి, పేర్లు ఆశా కార్యకర్త దాటి పోకూడదు అని గ్రామసభలో లేచి అడుగుతాను. రైతుగారూ, మీరూ రావాలి.

కల్లం రైతు:
వస్తాను బాబూ. ఛార్జీల మాటకి నేనూ చెయ్యెత్తుతాను. నా మోటార్ల మాట మాత్రం అక్కడే అడుగుతాను.