జపాన్‌లో జెన్ ధ్యానం ఇంత తేలిగ్గా తీసుకుంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి

అందరికీ నమస్కారం అండి. కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు జెన్ ధ్యానం మొదలుపెట్టా, అక్కడ మా గ్రూపులో అందరూ ఉద్యోగస్తులే కానీ గోడవైపు తిరిగి 40 నిమిషాలు కూర్చున్నారంటే దగ్గు కూడా వినపడేది కాదు, అయిపోయాక కూడా ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఇప్పుడు టోక్యోలో ఇంటి దగ్గర ఒక సోతో (జెన్ బౌద్ధంలో ఒక శాఖ) గుడికి ఆదివారాలు వెళ్తున్నా. కూర్చునే పద్ధతి అదే, కాకపోతే గంట కొట్టగానే గ్రీన్ టీ, ఎర్ర బీన్స్ స్వీటు పెట్టి గురువుగారు బేస్‌బాల్ కబుర్లు చెప్తారు, ఆయనకి పెళ్ళయి పిల్లలున్నారు, 1872లో ప్రభుత్వం ఒప్పుకున్నప్పటి నుంచి ఇక్కడ బౌద్ధ సన్యాసులకి అది మామూలేనట. ఆఫీసులో చెప్తే "మేం చావులకే గుడికెళ్తాం, నీకేమైనా కష్టమొచ్చిందా" అని కంగారుగా అడిగారు.

మా అమ్మమ్మ జపమాల తిప్పుతూనే "పాలు పొంగుతున్నాయే" అని కేకేసేది, ఆవిడ భక్తికేం లోటు లేదు కదా, ఇదీ అలాంటిదేనా? జపాన్‌లో ఉన్న మనవాళ్ళు చెప్పండి, ఇంకాస్త గట్టిగా సాధన చేయాలనుందని గురువుగారితో అంటే తప్పుగా అనుకుంటారా, లేక జపాన్‌లో సోతో శాఖ మొదలుపెట్టిన దోగెన్ 1244లో కట్టిన ఎయ్‌హెయ్‌జి మఠానికి వెళ్ళి కొన్ని రోజులు ఉండి రావడం మంచిదా, జపనీస్ అంతంతమాత్రమే వచ్చినవాళ్ళకి అక్కడ కుదురుతుందా?