అసమానత మీద వేసిన బొమ్మను ‘దృశ్యపరంగా’ విశ్లేషించడం ఎలా? బీఎడ్ అసైన్‌మెంట్, సాయం చేయండి

కనిగిరి, బీఎడ్ విద్యార్థిని:

అందరికీ నమస్కారం. మా కాలేజీలో ఒక బొమ్మ ఇచ్చి, దీని దృశ్య రూపకల్పనను విశ్లేషించి రాయమన్నారు. బొమ్మ బయట పెట్టొద్దన్నారు, అందుకని మాటల్లో చెప్తున్నా.

నిలువు బొమ్మ. పైన మేడ, బాల్కనీలో కుర్చీ వేసుకుని ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన వెనక తలుపుకి ఎర్ర కర్టెన్. డాబా మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నిండి పొర్లుతోంది, ఆ నీళ్లు కారీ కారీ గోడ మీద పచ్చటి పాచి చార కట్టింది. మధ్యలో ప్రహరీ గోడ. కింద రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్, దాని వెనక బిందెలతో ఆడవాళ్ల వరుస. వరుసలో నడుం వంగిపోయిన ఒక ముసలమ్మ, చివర్లో స్కూలు బ్యాగు తగిలించుకున్న పాప. ఎడమ అంచున నీలం పైపు ఒకటి నిలువునా ఉంది, అందం కోసం వేసినట్టుంది.

నేను రాసింది ఇదీ: ‘ఈ చిత్రం ధనిక, పేద తేడాలను హృదయాన్ని కదిలించేలా చూపుతోంది. ఎరుపు కోపానికి, నీలం విషాదానికి చిహ్నాలు. పైనున్నవారు ధనికులు, కిందనున్నవారు పేదలు.’

మా మేడం చదివి, ‘ఇది బొమ్మ చూడకపోయినా రాయొచ్చు కదమ్మా’ అన్నారు. అక్కడే ఆగిపోయాను. సోమవారం ఇచ్చేయాలి, ఒకటే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

నెల్లూరు, డిగ్రీ విద్యార్థి:

ఫోటో తీసి ఏఐకి ఇస్తే రెండు నిమిషాల్లో రాసిచ్చేస్తుందక్కా.

ఒంగోలు, సైన్‌బోర్డులు, ఫ్లెక్స్ డిజైనింగ్:

తమ్ముడూ, ఇస్తుంది. కాకపోతే ఆ అమ్మాయి ఇప్పటికే రాసిందే ఇంకొంచెం పొడుగు చేసి ఇస్తుంది, మేడం మళ్లీ అదే మాట అంటారు.

చెల్లెమ్మా, నీకు చూపు లేక కాదు. నువ్వు బొమ్మ చూడకముందే దాని అర్థం తెలిసిపోయింది, ఇక చూడాల్సిన పని లేదనుకున్నావ్. అసమానత మీద వేసిన బొమ్మలతో వచ్చే చిక్కే ఇది. అందుకని కాసేపు అర్థం సంగతి మర్చిపో. మేం బోర్డు డిజైన్ చేసేటప్పుడు చూసుకునే పనులు కొన్ని చెప్తా, చేసి చూడు.

ముందు ఫోన్‌లో బొమ్మను బ్లాక్ అండ్ వైట్ చెయ్. కళ్లు సగం మూసి చూడు. నలుపు, తెలుపు గట్టిగా ఢీకొన్న చోటికే మామూలుగా కన్ను ముందు పోతుంది. అది ఎక్కడో రాసుకో. ‘నాకు అనిపించింది’ అనాల్సిన అవసరం ఉండదు, ఎక్కువమందికి కన్ను అక్కడికే పోతుంది.

తర్వాత బొమ్మను తలకిందులు చెయ్. మనుషులు మనుషుల్లా కనపడరు, ఆకారాలు, గీతలు మిగులుతాయి. దాని మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి పెద్ద గీతలు మాత్రం లాగు. ఏ గీత ఎక్కడ పుట్టి ఎక్కడ ఆగిందో చివరిదాకా వేలు పెట్టి చూడు. ‘అందం కోసం’ అన్నావే ఆ పైపు, దాన్ని ముఖ్యంగా చూడు. ఆ కళ చేతిలో ఉన్నవాడు నిలువునా ఒక గీత ఊరికే లాగడు.

స్కేలు కూడా పెట్టు. మనుషుల ఎత్తు సెంటీమీటర్లలో కొలువు. పైన ఒక్క మనిషికి ఎంత చోటిచ్చారు, కింద ఇంతమందికి ఎంత ఇచ్చారు? ఖాళీగా వదిలిన చోటు కూడా బొమ్మలో భాగమే, దాన్ని కూడా కొలవాలి.

రంగుల సంగతి. ఎరుపు కోపం, నీలం విషాదం అని దయచేసి రాయకు. మన అంగళ్లలో ప్లాస్టిక్ బిందెలు వచ్చేదే ఎరుపు, నీలం, ఆకుపచ్చ. మరి ఎర్ర బిందె పట్టుకున్న ప్రతి ఆడమనిషికీ కోపమేనా? పెళ్లి ఫ్లెక్స్ నిండా ఎరుపే వేస్తాం, అక్కడెవరికి కోపం? రంగుకి అర్థం నిఘంటువులో దొరకదు, ఆ బొమ్మలోనే వెతకాలి. అదే రంగు ఇంకెక్కడ ఉందో చూస్తే చాలు.

కనిగిరి, బీఎడ్ విద్యార్థిని:

అన్నా, అన్నీ చేశాను. చెప్తా వినండి.

బ్లాక్ అండ్ వైట్‌లో కన్ను ముందు ట్యాంకు మీదికి పోయింది! వెనక ఆకాశం తెల్లగా ఉంది కదా, నల్ల ట్యాంకు గుచ్చినట్టు కనపడుతోంది. మనుషులంతా ఆ తర్వాతే.

కొలిస్తే ఇంకో విచిత్రం. కూర్చున్న ఆయన, కింద నిలబడ్డ ఆడవాళ్ల కన్నా పెద్దగా ఉన్నాడు. నిజానికి ఆడవాళ్లే మనకు దగ్గర, వాళ్లు పెద్దగా ఉండాలి కదా. బాల్కనీలో కుర్చీ చుట్టూ అంతా ఖాళీ. కింద ఒకరి మోచేయి ఇంకొకరి బిందెకి తగులుతోంది.

ఎరుపు సంగతి మాత్రం నేను వదలను అన్నా. బిందెల్లో ఎర్రది ఒక్కటే, అది సరిగ్గా ట్యాంకర్ పంపు కింద ఉంది. మిగతావన్నీ మాసిన నీలం, బూడిద రంగు. పైన కర్టెన్ కూడా అదే ఎరుపు. ఇంకెక్కడా లేదు.

ఇక పైపు... అది రోడ్డు కింద నుంచి మొదలవుతోంది. ఆడవాళ్లు నిలబడ్డ చోట, వాళ్ల కాళ్ల కింద మట్టి పొరల్లో సన్నగా గీసి ఉంది. ప్రహరీ పక్కన చిన్న మోటారు పెట్టె, అక్కడి నుంచి పైకి ట్యాంకు దాకా. ఇన్నాళ్లూ నాకు కనపడనే లేదు.

నెల్లూరు, రిటైర్డ్ సోషల్ టీచర్:

అమ్మాయ్, ఇప్పుడు నీ చేతికి అసలైంది చిక్కింది. ఇలాంటి బొమ్మలు క్లాసులో చాలా ఏళ్లు చెప్పినవాణ్ని గనక కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికగా చదువు.

పైన ఒకరు, కింద ఒకరు అని చూపించే బొమ్మలు కొల్లలు. తేడా చూపించి ఊరుకున్న బొమ్మ ‘అయ్యో పాపం’ అనిపిస్తుంది, అంతే. పైనున్నదాన్నీ కిందున్నదాన్నీ ఏది కలుపుతోందో చూపించిన బొమ్మ కారణం చెబుతుంది. నీ బొమ్మలో ఆ పని పైపు చేస్తోంది.

రేపు టీచరయ్యాక ఫ్రెంచి విప్లవం పాఠం చెప్పబోతావు కదా. 1789లో అచ్చయిన ఒక ఫ్రెంచి బొమ్మ ఉంది. ముసలి రైతు నడుం వంచి పార మీద ఆనుకుని నిలబడితే, వీపు మీద ఒక మతగురువు, ఒక ప్రభువు ఎక్కి కూర్చున్నారు. అందులో కలిపేది ఏది? రైతు వీపు. ప్రభువు కత్తి మీద రక్తంతో ఎర్రబడిందని, పార మీద కన్నీళ్లతో తడిసిందని రాసి ఉంటుంది. నాకు మాత్రం అంతకన్నా గట్టిగా తగిలేది కింద మూలన చిన్నగా వేసిన కుందేళ్లు, పక్షులు. రైతు పైరు తింటుంటాయి. వేట ప్రభువుల హక్కు గనక రైతు వాటిని కొట్టకూడదు. ఆ హక్కును ఆ ఏడాది ఆగస్టులో రద్దు చేశారు. చట్టం ఎలా నడిచేదో ఒక్క కుందేలుతో చెప్పేశాడు చూడు.

1911లో అమెరికాలో అచ్చయిన ‘పెట్టుబడిదారీ వ్యవస్థ పిరమిడ్’ ఇంకో రకం. అన్నిటికన్నా పైన డబ్బు మూట. దాని కింద వరసగా పాలకులు, మతగురువులు, సైనికులు, విందు చేసుకునే సంపన్నులు. అట్టడుగున అంతా మోస్తున్న కార్మికులు. పై అంతస్తుల బరువు కిందికి దిగుతున్న కొద్దీ ఎక్కువవుతుందని ఆ కట్టడమే చెబుతుంది. శిఖరాన మనిషిని కాకుండా మూటను పెట్టడం గమనించు. నీ బొమ్మలోనూ శిఖరాన ఉన్నది మనిషి కాదు, ట్యాంకు. ఇది నీ వ్యాసంలో రాయదగ్గ పోలిక.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. కంచె వెనక ముగ్గురు, పొడుగు మనిషి, మధ్యస్థం, పొట్టి పిల్లాడు, కాళ్ల కింద పెట్టెలు, వాటి మీద ఎక్కి అవతల బేస్‌బాల్ ఆట చూస్తుంటారు. వాట్సాప్‌లో చూసే ఉంటావు. 2012లో సిన్సినాటి యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకాయన తయారు చేశాడు, తర్వాత రకరకాలుగా మార్చి గీశారు. సమానంగా పంచడం వేరు, అవసరం చూసి పంచడం వేరు అని చెప్పడానికి చాలా సులువైన బొమ్మ, కాదనను. కానీ కొరత ఎక్కడుందని చెబుతోంది? పిల్లాడి ఎత్తులో! అంటే లోపం వాడిదే అన్నట్టు. ఆ కంచె ఎవరు కట్టారో బొమ్మ అడగదు. ఈ విమర్శ వచ్చాకే మనుషుల ఎత్తు సమానంగా ఉంచి నేలను ఏటవాలుగా గీసిన రూపాలు వచ్చాయి. గీత మారేసరికి అర్థం తిరగబడింది.

ఇంకొక్క మాట అడుగుతా. అంబేడ్కర్ 1920లో తన ‘మూక్‌నాయక్’ పత్రిక తొలి సంచికలోనే హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల కట్టడంతో పోల్చారు. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే. నీ బొమ్మలో మేడకి మెట్లున్నాయా? ప్రహరీకి గేటుందా?

కనిగిరి, బీఎడ్ విద్యార్థిని:

సార్, ఇప్పుడే చూశాను. గేటు లేదు, మెట్లు లేవు. ప్రహరీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెగకుండా ఉంది. పైకి పోయే దారి పైపు ఒక్కటే!

పొదిలి, అంగన్‌వాడీ కార్యకర్త:

ఆ ముసలమ్మ గురించి ఎవరూ మాట్లాడలేదేంది? మా వైపు వాళ్లకి చూడగానే తెలిసిపోద్ది, అది ఫ్లోరైడ్ నడుం. తాగే నీళ్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించితే ప్రమాదం, పళ్లు గారపడతాయి, ఏళ్లు గడిస్తే ఎముకలు బిగుసుకుపోతాయి. ఆ బోరు నీళ్లు తాగలేకనే ట్యాంకర్ కోసం నిలబడ్డారని రాయమ్మా. బోరు వేయాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషన్ తీసుకోవాలని కూడా రాయ్.

ఒంగోలు, సైన్‌బోర్డులు, ఫ్లెక్స్ డిజైనింగ్:

అక్కా, మీరన్నది నిజమే అయ్యుండొచ్చు. కానీ బొమ్మలో ఆమె వీపు వంపు ఒక్కటే ఉంది. చెల్లెమ్మా, ఆమె చేతిలో బిందె ఉందా, ఖాళీదా నిండుదా?

కనిగిరి, బీఎడ్ విద్యార్థిని:

ఖాళీది అన్నా. బిందె చంకలో ఉంది. మోత బరువుకి వంగినట్టు లేదు. మెడ కూడా వంచి, నేల వైపే చూస్తోంది.

నెల్లూరు, రిటైర్డ్ సోషల్ టీచర్:

అయితే ‘ఖాళీ బిందెతోనే ఆమె నడుం వంగి ఉంది, వంపుకి కారణం మోత కాదని చిత్రకారుడు చెబుతున్నాడు’ అని రాయి. ఆ తర్వాత, మన ప్రాంతపు పాఠకుడు ఇందులో ఫ్లోరోసిస్‌ను చూస్తాడని ఒక వాక్యం చేర్చు. కనపడేది ముందు, తెలిసినది తర్వాత. వాల్టా చట్టం మాత్రం ఈ అసైన్‌మెంట్‌లో వద్దు, అది వేరే వ్యాసం.

కావలి, జర్నలిజం విద్యార్థి:

నాకొక అభ్యంతరం ఉంది. వరుసలో ఆడవాళ్లకి ముఖాలున్నాయా? ఇలాంటి బొమ్మల్లో ఎప్పుడూ ఉన్నవాడికి ముఖం, కళ్లజోడు, మీసం అన్నీ ఉంటాయి. లేనివాళ్లు మాత్రం వీపులు, బిందెలు, ఒక గుంపు. వాళ్ల పక్షాన గీశామంటూనే వాళ్లని మనుషులుగా చూపించరు. 1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ మిద్నాపూర్ ఊళ్లు తిరిగి నల్ల ఇంకుతో గీసినవి చూడండి. ఆకలితో ఉన్న మనిషి ఎవరో ఒకరిలా కాకుండా, ఫలానా మనిషిలా కనపడతాడు.

ఒంగోలు, సైన్‌బోర్డులు, ఫ్లెక్స్ డిజైనింగ్:

చిత్తప్రసాద్ ఎదురుగా ఉన్న మనిషిని చూసి గీశాడు బ్రదర్. ఇది ఒక ఏర్పాటు మీద వేసిన బొమ్మ. అందరికీ ముఖాలు పెడితే కన్ను ముఖాల దగ్గరే ఆగిపోతుంది, పైపు దాకా రాదు. రెండు పనులూ ఒక్క బొమ్మ చేయలేదు.

కావలి, జర్నలిజం విద్యార్థి:

మరి పైనాయనకి ముఖం ఎందుకు పెట్టాలి? ఆయనకీ తీసేయొచ్చు కదా.

కనిగిరి, బీఎడ్ విద్యార్థిని:

పైనాయనకి ముఖం లేదు! ఫోన్ అడ్డం వచ్చింది. ఆడవాళ్లంతా ట్యాంకర్ వైపు తిరిగి ఉన్నారు, వీపులే. బొమ్మ మొత్తంలో ముఖం కనపడేది చివర్లో ఉన్న పాపకి. తల పక్కకి తిప్పి చూస్తోంది. ఎటు అని ఆ చూపు వెంట స్కేలు పెట్టి గీత గీశాను, పైపు మీద మోటారు పెట్టె దగ్గరికి పోయింది.

కావలి, జర్నలిజం విద్యార్థి:

సరే, నా అభ్యంతరం సగం వెనక్కి తీసుకుంటున్నా. ఆడవాళ్లని గుంపుగా గీశారన్న మాట మాత్రం నీ వ్యాసంలో ఉండాలి. విశ్లేషణ అంటే పొగడ్త కాదు కదా.

కనిగిరి, బీఎడ్ విద్యార్థిని:

మొదటి పేరా మళ్లీ రాశాను, చూడండి:

‘ఈ చిత్రంలో కన్ను మొదట పడేది మనిషి మీద కాదు, తెల్లటి ఆకాశం ముందు నల్లగా నిలిచిన నీళ్ల ట్యాంకు మీద. అక్కడి నుంచి పాచి చార వెంట బాల్కనీకి, ఎర్ర కర్టెన్‌కి, అదే ఎరుపు ఉన్న బిందెకి చూపు దిగుతుంది. దగ్గరున్న స్త్రీలను చిన్నగా, దూరంగా కూర్చున్న మనిషిని పెద్దగా గీయడం వల్ల దూరం లెక్క తారుమారైంది, ఇక్కడ పరిమాణం హోదాను బట్టి వచ్చింది. తెగని ప్రహరీ బొమ్మను రెండుగా కోస్తుంది. ఆ రెండింటినీ కలిపేది ఎడమ అంచున ఉన్న పైపు ఒక్కటే, అది స్త్రీల పాదాల కింది నుంచే మొదలవుతుంది. ఆ పైపు వైపు చూస్తున్నది వరుస చివరి పాప ఒక్కతే.’

నెల్లూరు, రిటైర్డ్ సోషల్ టీచర్:

బాగుంది తల్లీ. దీని తర్వాత 1789 బొమ్మతో పోలిక పెట్టు, ఆ తర్వాత కావలి అబ్బాయి అభ్యంతరం. చివర్లో ‘సమాజం మారాలి’ అని మాత్రం రాయకు, మేడం మార్కులు కోసేస్తారు.

కనిగిరి, బీఎడ్ విద్యార్థిని:

అలాగే సార్. చివరిగా ఒక్కటి. రికార్డులో అతికించడానికి కలర్ జెరాక్స్ తీయిస్తే ఎరుపు నారింజలా పడింది, కర్టెన్‌కి బిందెకి ఒకటే రంగు అన్న నా పాయింట్ పోయేలా ఉంది. ఏం చేయాలి?

ఒంగోలు, సైన్‌బోర్డులు, ఫ్లెక్స్ డిజైనింగ్:

కాపీకి కాపీ తీస్తే రంగు మారుతుంది. కాలేజీ వాళ్లని అడిగి ఫైలే తీసుకో, దాని నుంచి నేరుగా లేజర్ ప్రింట్ తీయించు. షాపులో డ్రాఫ్ట్ మోడ్ తీసేయమను, మామూలు కాగితం మీద కాకుండా కొంచెం మందం కాగితం మీద వేయమను. స్క్రీన్ మీద కనపడినంత ఎరుపు ప్రింట్‌లో ఎలాగూ రాదు, కానీ రెండు చోట్లా ఒకేలా తగ్గుతుంది కాబట్టి నీ పాయింట్ నిలబడుతుంది. ట్రేసింగ్ పేపర్ మీద నువ్వు లాగిన గీతల్ని ప్రింట్ పైన ఒక అంచుకి మాత్రమే అతికించు, ఎత్తి చూసుకునేలా ఉంటుంది. బొమ్మ వేసినాయన పేరు కింద రాయడం మర్చిపోకు.