ట్రిమ్మర్‌ని ‘వెంట్రుకవాసి తిప్పండి’ అనొచ్చా?

ప్రశ్న (అనువాదకురాలు, గుంటూరు):
అమెరికాలో కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాల్ని మళ్ళీ నింపి వాడుకుంటారు. దానికి ప్రెస్సు (పిడితో నొక్కే యంత్రం) మీద, గొట్టం మూతిని కోసి పొడవు తగ్గించే ట్రిమ్మర్ ఎలా బిగించాలో చూపే వీడియోకి తెలుగు ఉపశీర్షికలు రాస్తున్నాను. చెప్పేవాడు ట్రిమ్మర్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ మాటిమాటికీ ‘హెయిర్’ అంటాడు. ‘ఇంకో వెంట్రుకవాసి తిప్పండి’ అని రాశాను కానీ పంటికింద రాయిలా ఉంది. లోపం ఎక్కడుంది? ఇంకోటి, గొట్టానికి అతను వాడే ‘కేస్’ మాటని అలాగే ఉంచితే ‘కేసు పొడవు తగ్గించండి’ అని వస్తోంది. కోర్టు వాయిదాల సంగతి అనుకుంటారు!

జవాబు (తెలుగు మాస్టారు, గుంటూరు):
అమ్మా, రాయి క్రియ దగ్గరుంది. వెంట్రుకవాసి మన నోట ఎక్కువగా తప్పడంతోనే వస్తుంది: ‘లారీ వెంట్రుకవాసిలో తప్పింది’. రెండిటి మధ్య మిగిలిన సందు అది. ఇక్కడ వాసి అంటే మేర. అరవాసి, ముప్పాతికవాసి అనే మాటల్లో ఉన్నదే. ‘వాసికెక్కిన’లో వాసి వేరు, అది పేరుప్రతిష్ఠ. కాబట్టి వెంట్రుకవాసి తేడా, వెంట్రుకవాసి ఎడం అంటే కుదురుతుంది, తిప్పడానికి కుదరదు. తిప్పమనేటప్పుడు పిసరు, రవ్వ, కాస్త అంటాం. ‘ఇంకో పిసరు తిప్పండి’ అని రాయండి. కేస్‌ని ‘గొట్టం’ అంటే చాలు. దాని భాగాలకి మూతి, మెడ, భుజం మనకీ నప్పుతాయి.

జవాబు (లేత్ టర్నర్, ఆటోనగర్, విజయవాడ):
మాస్టారూ, మీ వ్యాకరణానికి లెక్క కూడా సాక్ష్యం చెబుతుంది. తల వెంట్రుక మందం సుమారు 0.05 నుంచి 0.1 మి.మీ. 0.07 అనుకుందాం. ఇలా మళ్ళీ నింపే ప్రెస్సులో గొట్టం దూరే అచ్చుని డై అంటారు. డైలకి మామూలుగా ఉండే మర వ్యాసం 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. అంటే ఒక పూర్తి చుట్టుకి 1.81 మి.మీ. దిగుతుంది. వెంట్రుక మందం దిగాలంటే 14 డిగ్రీలు తిప్పాలి. గడియారం ముఖం మీద చూస్తే రెండు నిమిషాల గీతలు దాటి ఇంకాస్త. చేతికి అది బాగానే తెలిసే కదలిక. చేత్తో నిజంగా వెంట్రుక మందమే కదిలిస్తే మూతి దగ్గర ఏమీ తెగదు. వాసి ఉన్నది దిగుడులో, తిప్పుడులో కాదు. ట్రిమ్మర్ డై మీద కాకుండా వేరే మర మీద కూర్చునేదైతే దాని చుట్లు లెక్కపెట్టుకుని చూడాలి.

అక్కా, ఆ వీడియోలో ‘పిసరు’ ఒక్కటే పెడితే చాలదు, ఎందుకంటే ఆ పనిలో సందు చాలా తక్కువ. .223 రెమింగ్టన్ అనే రకం తూటా గొట్టం గరిష్ఠ పొడవు 1.760 అంగుళాలు, అంటే 44.70 మి.మీ. కోసి తేవాల్సిన పొడవు 1.750, అంటే 44.45. మధ్యలో పావు మిల్లీమీటరు, మూడు నాలుగు వెంట్రుకలంత. ట్రిమ్మర్ మీద అది 50 డిగ్రీలు. పొడవు గరిష్ఠం దాటితే గొట్టం మూతి తుపాకీలో తూటా కూర్చునే గది చివర ఇరుక్కుని గుండుని నొక్కిపట్టేస్తుంది, గుండు వదలక లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. పొట్టిదైతే అంత ముప్పు లేదు, మెడ పట్టు తగ్గుతుంది.

ప్రశ్న (అనువాదకురాలు):
బిగించే వరస నాకు ఇంకా స్పష్టంగా లేదు. అతను ముందు డై అంటాడు, మళ్ళీ వెనక్కి వచ్చి డై ముట్టుకోవద్దంటాడు.

జవాబు (టర్నర్):
అందులో తిరకాసు లేదు. ఈ డై రెండు పనులు చేస్తుంది: గొట్టాన్ని కొలతకి నొక్కుతుంది, కోసేటప్పుడు కదలకుండా పట్టుకుంటుంది. ముందు డై దించి, గేజ్‌తో భుజం ఎత్తు సరిచూసి, లాక్ రింగ్ (కదలకుండా పట్టే రింగు) బిగించాలి. ట్రిమ్మర్ దాని మీదే కూర్చుంటుంది కాబట్టి తర్వాత డై కదిపితే పొడవూ మారిపోతుంది. అందుకే ముట్టుకోవద్దన్నాడు. కాల్చిన ప్రైమరుని (గొట్టం అడుగున మందుని రాజేసే చిన్న మూత) ముందే తీసెయ్యాలి, ఈ డైలో దాన్ని తోసే సూది ఉండదు, పైన కట్టర్ ఉంటుంది మరి. గొట్టానికి జిడ్డు రాయకపోతే డైలో పట్టేస్తుంది.

ఆపైన ట్రిమ్మర్ ఎత్తుగా పెట్టి, గొట్టాన్ని పూర్తిగా పైకెక్కించి, కట్టర్ మూతిని తాకేదాకా కుడివైపుకి తిప్పుతూ దించాలి. ఒకటి కోసి, పొడవు కొలిచే వెర్నియర్‌తో చూడాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: కోసినప్పుడు మూతి అంచున లేచిన గరుకు పొరతో (బర్రు) కలిపి కొలుస్తారు, పొడవు ఎక్కువ చూపిస్తుంది, ఇంకా దించుతారు, పొట్టిదైపోతుంది. బర్రు లోపలా బయటా తీసేశాకే కొలవాలి. లాక్ రింగ్ బిగించినప్పుడు మరల వదులు తీరి ట్రిమ్మర్ కాస్త పైకి లేస్తుంది, పొడవు పెరుగుతుంది. అందుకని గొట్టం లోపలే ఉంచి బిగించి, ఇంకో గొట్టం కోసి మళ్ళీ చూడాలి.

వరసగా కోస్తుంటే పొడవులు మారిపోతున్నాయా? ఒకటి పొట్టిగా వస్తే గొట్టం అడుగున రజను (కోసినప్పుడు రాలిన పొడి) చేరి దాన్ని పైకెత్తిందని అర్థం. పొడుగ్గా వస్తే ప్రెస్సు పిడి పూర్తిగా దించలేదు. మూతి అలలు అలలుగా ఉంటే కట్టర్ మొద్దుబారిందో, ఏదో వదులైందో చూడాలి. రజను లాగే వ్యాక్యూమ్ గొట్టం పెట్టకుండా మోటారు ఆన్ చెయ్యకూడదు.

జవాబు (ఉపశీర్షికలు రాసేవారు, విజయవాడ):
మొదటి దృశ్యం కిందే ఒక వాక్యం వెయ్యండి. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చెయ్యకూడదు. ఇక్కడ చూసి ఇంట్లో మొదలెట్టే పని కాదిది.

ప్రశ్న (అనువాదకురాలు):
అలాగే వేస్తాను. ఇప్పుడు ఇలా రాశాను: ‘ఇంకో పిసరు దించండి, గడియారంలో రెండు గీతలంత.’ మరో చోట: ‘తేడా వెంట్రుకవాసి ఉన్నా మళ్ళీ కొలవండి.’ మూడోది, ‘రజను గొట్టంలో పడనివ్వకండి’. ఈ చివరిది అందరికీ తెలుస్తుందంటారా?

జవాబు (తెలుగు మాస్టారు):
రెండోదాంట్లో ‘వెంట్రుకవాసి తేడా ఉన్నా’ అని ముందుకి జరపండి, చెవికి ఇంపుగా ఉంటుంది. ఇనుప రజను చాలామంది విన్నదే. ‘ఇత్తడి రజను’ అనండి, తెలియనివాళ్ళు బొమ్మ చూసి పోల్చుకుంటారు.