గిలక్కొట్టాలా, కలియదిప్పాలా?

విజయవాడ, పటమట నుంచి:

అమెరికా నుంచి వచ్చిన మా బావమరిది రై విస్కీ సీసా తెచ్చాడు. దానితో 'మాన్‌హాటన్' అనే కాక్‌టెయిల్ చేసే విధానం చెబితే మా అన్నయ్య కోసం తెలుగులో రాశాను. విస్కీ రెండు పాళ్లు, తియ్యటి వెర్మూత్ (మూలికల వాసన పట్టించిన వైన్) ఒక పాలు, అంగోస్తురా బిట్టర్స్ (చేదు మూలికల సారం) రెండు చుక్కలు, బోలెడు ఐసు. ఇంతవరకు చిక్కులేదు. ఆ తర్వాత 'బాగా కలపాలి' అన్నాను.

అన్నయ్య అంతా మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, భుజం నొప్పి పుట్టేదాకా ఊపాడు. ఎర్రగా మెరవాల్సినది మసకబారి, పైన నురగ కట్టింది. బావమరిది మర్యాదకు తాగాడు. తప్పు అన్నయ్యది కాదు, నా క్రియాపదానిది. అన్నం కలుపుతాం, పిండి కలుపుతాం, చేయీ కలుపుతాం. ఒక్క మాటతో ఎన్ని పనులు చేయిస్తాం? చెంచాతో తిప్పడానికి ఒకటి, మూసి ఊపడానికి ఒకటి, వేరు వేరు మాటలు చెప్పండి.

గుంటూరు, బ్రాడీపేట నుంచి:

ఊపేదానికి 'గిలక్కొట్టడం' చాలండి. ఆమ్లెట్‌కు గుడ్డు గిలక్కొట్టినప్పుడు నురగ వస్తుంది కదా, గాలి చేరుతుందన్న సంగతి ఆ మాటలోనే ఉంది. నిమ్మరసం, గుడ్డు తెల్లసొన వేసే విస్కీ సవర్‌కు అది సరిపోతుంది. మీ మాన్‌హాటన్‌కు మాత్రం 'కలియదిప్పడం'. పప్పుచారులో గరిటె అడుగు తాకుతూ గుండ్రంగా తిరిగినట్టే, చెంచా వీపు గ్లాసు గోడను ఆనుకుని చప్పుడు లేకుండా తిరగాలి.

ఐసు కొంత కరిగి నీళ్లు దిగడం లోపం కాదు. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రిక కాక్‌టెయిల్‌ను నిర్వచిస్తూ మద్యం, చక్కెర, బిట్టర్స్‌తో పాటు నీళ్లనూ లెక్కలో వేసింది. ఇంకొకటి, 'చుక్క' అన్నారు. బిట్టర్స్ సీసాను ఒక్కసారి విదిలిస్తే పడేది చుక్క కంటే ఎక్కువ. 'రెండు విదిలింపులు' అనండి.

విజయవాడ, సత్యనారాయణపురం నుంచి:

'చిలకడం' ఎందుకు వదిలేశారు? భాగవతం అష్టమ స్కంధంలో పాలసముద్రాన్ని చిలికితేనే మద్యానికి దేవతైన వారుణి పుట్టింది, అసురులు తీసుకున్నారు. ఇంతకంటే పెద్ద ప్రమాణం కావాలా?

అదలా ఉంచితే, రై అంటే ఆవాలు కదా? విస్కీలో తాలింపు ఎవరు పెట్టారు?

గుంటూరు, బ్రాడీపేట నుంచి:

ప్రమాణం ఘనమే, కానీ కవ్వం పని విడదీయడం. మజ్జిగ నుంచి వెన్న, సముద్రం నుంచి వారుణి. ఇక్కడ మనం కలుపుతున్నాం.

ఆవాలు హిందీ వాళ్ల రాయీ అండీ. ఈ రై గోధుమకు, బార్లీకి చుట్టం. అమెరికా చట్టం ప్రకారం రై విస్కీకి వాడే ధాన్యంలో కనీసం 51 శాతం అదే ఉండాలి. మిరియం తగిలినట్టుండే ఘాటు దానిదే. తెలుగులో 'రై' అని ఉంచడమే మేలు, పక్కన 'ధాన్యం' అని చేర్చితే ఆవాల బాధ తప్పుతుంది.

విజయవాడ, పటమట నుంచి:

చివరి పని మిగిలింది. ఐసు వెనక ఆపి ద్రవాన్ని గ్లాసులోకి దించడాన్ని 'వడకట్టడం' అని రాశాను. అన్నయ్య టీ వడకట్టే గుడ్డ తెచ్చాడు.

గుంటూరు, బ్రాడీపేట నుంచి:

అయ్యో, అది 'వార్చడం'! ఎసట్లో ఉడికిన అన్నం లోపల ఆపి, సిబ్బి అడ్డుపెట్టి గంజి వార్చమా? ఇక్కడ అన్నానికి బదులు ఐసు, గంజికి బదులు మీ విస్కీ. తేడా ఒక్కటే, మనకు కావలసింది వార్చినది.

విజయవాడ, పటమట నుంచి:

తిరగరాశాను: 'ఐసు మీద అర నిమిషం కలియదిప్పి, సిబ్బి అడ్డుపెట్టి, చల్లని గ్లాసులోకి వార్చి, ఒక చెర్రీ వేయాలి.'

అన్నయ్యకు పంపాను. 'సిబ్బి అమ్మ దగ్గర ఉంది. ఎందుకని అడిగితే ఏం చెప్పను?' అని జవాబు వచ్చింది.