ప్రతి రూపాయి ఖర్చూ రాయవలసిందేనా?

పెన్నా తీరం (నెల్లూరు)

జీతం మీద బతికే కుటుంబం రోజువారీ ఖర్చును, అది పది రూపాయల టీ అయినా సరే, ఏ రోజుకారోజు రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం. 2016లో యూపీఐ వచ్చాక ఫోన్‌లోనే అన్నీ నమోదవుతున్నాయి కదా, మళ్లీ రాయడం ఎందుకని మిత్రులు అడుగుతున్నారు. ఆ మాటలో నిజం సగమే. స్టోన్‌హౌస్‌పేటలో ఒక కొట్టులో 640 రూపాయలు చెల్లిస్తే, స్టేట్‌మెంట్‌లో కొట్టు పేరు, ఆ అంకె మాత్రమే కనబడతాయి. అందులో కందిపప్పుకు ఎంత, పిల్లల నోటుపుస్తకాలకు ఎంత, అవసరం లేకపోయినా కొన్న చిరుతిళ్లకు ఎంత అన్నది మనం రాసుకుంటే తప్ప తెలియదు. చిన్న చెల్లింపులకని ముందే కొంత సొమ్ము వేసి ఉంచుకునే యూపీఐ లైట్ వాడేవారికి ఆ ఒక్క వరుస కూడా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉండదు. లైట్‌లోకి ఒకేసారి వేసుకున్న మొత్తమే అక్కడ పడుతుంది. దానిలోంచి చేసిన చిన్న చెల్లింపులు విడివిడిగా పడవు. అసలు జారిపోయేవే చిన్న ఖర్చులు గనుక, వాటిని ఫోన్‌కు వదిలేయకూడదంటాను.

కొండపి రైతు

మీ వాదన నెల మొదటి తేదీన జీతం అందుకునేవారికి సరిపోతుందేమో గాని, మా ఇళ్లకు అతకదు. పొగాకు వేసే కుటుంబానికి డబ్బు నెలనెలా రాదు. వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడుపోయాక ఖాతాలో పడుతుంది. అందులోనూ బ్యాంకు పంట రుణం మినహాయించుకోగా మిగిలిందే మా చేతికి వస్తుంది. ఆకు కోసే రెలుపుల కూలీ, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ కౌలు, దానికి కట్టెలు, ఎరువులు, ఇవన్నీ ఆ డబ్బు రాకముందే పెట్టవలసిన ఖర్చులు. ఇలాంటి ఇంట్లో టీ ఖర్చు రాస్తూ కూర్చుంటే అసలు లెక్క మరుగున పడుతుంది. రోజుకు ఇరవై రూపాయల టీ తాగితే సంవత్సరానికి 7,300 రూపాయలు. అదే లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే సంవత్సరానికి 24,000 రూపాయలు వడ్డీకే పోతుంది. అప్పు ఎప్పుడు తేవాలి, ఎంత తేవాలి అన్న ఒక్క నిర్ణయం మూడేళ్ల టీ ఖర్చును మించిపోతుంటే, మనిషి దృష్టి దేని మీద ఉండాలి?

కావలి పాఠకురాలు

మీరిద్దరూ ఏం రాయాలన్నదే చర్చిస్తున్నారు. ఎవరు రాస్తారు, ఎవరు అడుగుతారు అన్నది నాకు అంతకన్నా ముఖ్యం. చాలా ఇళ్లలో లెక్క చెప్పవలసింది ఆడవాళ్లే. కూరగాయలకు ఇచ్చిన వందలో మిగిలిన చిల్లర ఏదని అడిగే మనిషి, సాయంత్రం తాను స్నేహితులతో పెట్టిన ఖర్చును పుస్తకంలోకి రానివ్వడు. అటువంటి పుస్తకం సంసారానికి మేలు చేయదు, భార్య మీద నిఘాగా మిగిలిపోతుంది.

అలాగని లెక్క వద్దనడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే ఇంటి డబ్బు ఎటు పోతున్నదో ఆడవాళ్లు బయటికి మాట్లాడుకుంటే ఏమవుతుందో మన జిల్లాయే చూపించింది. 1990ల మొదట్లో అక్షరాస్యతా తరగతుల్లో కూర్చున్న దూబగుంట స్త్రీలు, కూలి డబ్బు సారాకు పోతున్న సంగతిని చర్చించుకుని 1992లో సారా దుకాణానికి అడ్డం తిరిగారు. ఆ ఉద్యమం పల్లె పల్లెకూ పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకు ఒక్క రూపాయి దాచుకునే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు నెల్లూరు జిల్లాలో పుట్టాయి. ఆ స్త్రీలు చూసింది తమ చేతి చిల్లరను కాదు, మగవారి చేతిలో కరిగిపోతున్న కూలిని.

అందుకే మా ఇంటి పుస్తకంలో తేదీ, వివరం, మొత్తం అన్న గళ్ల పక్కన ‘ఎవరు’ అనే గడి కూడా గీశాము. నా పేరు, ఆయన పేరు, మా అత్తగారి పేరు ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ప్రతి మనిషికీ నెలకు కొంత సొమ్ము లెక్క చెప్పనవసరం లేకుండా కేటాయించుకున్నాము. అత్తగారు గుళ్లో వేసే దక్షిణ గురించి ఆమెను ఎవరూ అడగరాదు కదా! ఈ రెండూ లేని ఇంట్లో ఖర్చు రాయమని ఏ స్త్రీకీ నేను సలహా ఇవ్వను.

ఒంగోలు కిరాణా

ఒక్క హెచ్చరిక. ఖర్చులు వాటంతటవే రాసిపెడతామనే యాప్‌లలో కొన్ని ఫోన్‌లోని మెసేజీలన్నీ చదవడానికి అనుమతి అడుగుతాయి. అప్పు, జీతం, ఆసుపత్రి బిల్లు, అన్నీ ఆ మెసేజీల్లోనే ఉంటాయి గనుక, చూడకుండా ఒప్పుకోవద్దు. మా కొట్లో నెల ఖాతా ఉన్నవారిలో సొంత పుస్తకం తెచ్చి మా పద్దుతో సరిచూసుకునే ఇళ్లవారితో ఎన్నడూ పేచీ రాలేదు.

పెన్నా తీరం (నెల్లూరు)

కావలి సోదరి చెప్పిన ‘ఎవరు’ గడి లేకుండా ఇంటి లెక్క పూర్తికాదన్నది నాకూ సమ్మతమే. రైతు గారిని మాత్రం ఒకటి అడుగుతాను: వేలం డబ్బు అందిన రోజున, మళ్లీ వేలం వచ్చేదాకా ఇల్లు గడవడానికి ఎంత పక్కన పెట్టాలో మీరు దేన్నిబట్టి నిర్ణయిస్తారు? ఆ అంకె తక్కువ పడినప్పుడే కదా రెండు రూపాయల వడ్డీకి పోవలసి వచ్చేది. పాలు, కూరగాయలు, మందులు, పిల్లల ఆటో, ఇవి కొంతకాలం విడవకుండా రాస్తేనే ఆ అంకె తేలుతుంది.

కొండపి రైతు

ఆ మేరకు ఒప్పుకుంటాను. వేలాలు ముగిసినప్పటి నుంచి మళ్లీ నాట్లు పడేదాకా ఇంటి ఖర్చు రాస్తే, పక్కన పెట్టవలసిన సొమ్ము తెలుస్తుంది. కానీ ఆ నెలల్లో మమ్మల్ని అప్పుకు తోసేది పాలు, కూరగాయలు కావు. బంధువుల పెళ్లిళ్లలో చదివింపులు, ఉన్నట్టుండి వచ్చే ఆసుపత్రి ఖర్చు. చదివింపులైతే మన ఇంటి శుభకార్యానికి ఎవరు ఎంత చదివించారో రాసిన పుస్తకం చూసి ముందే అంచనా వేసుకోవచ్చు. ఆసుపత్రి ఖర్చుకు ఏ పుస్తకమూ దారి చూపదు, దానికి విడిగా సొమ్ము ఉంచుకోవలసిందే. ఆ సొమ్ము ఎంత ఉండాలన్నది ఇక్కడ ఇంకా ఎవరూ చెప్పలేదు.