కొండవీడు ఎక్కడానికి ఏమి కొనాలి, ఏమి వద్దు?

కృష్ణలంక కుర్రాడు:
డిసెంబరులో ఒక ఆదివారం ముగ్గురు మిత్రులం కొండవీడు ఎక్కాలనుకుంటున్నాం. ఘాట్ రోడ్డున కాదు, కాలిబాటన. పొద్దున్నే ఎక్కి సాయంత్రానికి దిగిపోతాం. నా చేతిలో 5,000 రూపాయలున్నాయి. 50 లీటర్ల బ్యాగు, చలికోటు, కత్తి, మడత కుర్చీ ఎంచి పెట్టుకున్నాను. ఇక బూట్లకు డబ్బు మిగలడం లేదు. రోజూ వేసుకునే పాత స్పోర్ట్స్ షూ సరిపోతాయా?

బ్రాడీపేట మాస్టారు:
బాబూ, ముందు ఆ జాబితా కొట్టేయి. 50 లీటర్ల బ్యాగు కొండల్లో గుడారాలు వేసుకుని రాత్రుళ్లు గడిపేవాళ్లది. పెద్ద సంచి కొన్నవాడికి దాన్ని నింపేదాకా మనసు నిలవదు. కాలేజీకి మోసిన బ్యాగు లేదా? అది చాలు. చలికోటు ఎందుకు? కిలోమీటరు ఎత్తు ఎక్కితే ఆరు, ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కొండవీడు అంత ఎత్తు కూడా లేదు. మడత కుర్చీ గురించి నేను మాట్లాడను.

డబ్బంతా పాదాల మీద పెట్టు. మన కొండల దారుల్లో రాళ్లు కదులుతుంటాయి, వాటి మీద ఎండుటాకులు, పక్కన సర్కారు తుమ్మ. ఆ ముల్లు బూటు కింది పలచని అట్టను దాటి మడమలోకి దిగుతుంది. షాపులో బూటును ముందూ వెనకా పట్టుకుని మెలితిప్పు. తడిగుడ్డలా మెలిపడితే అక్కడే వదిలేయి. అట్ట గట్టిగా, దాని కింది గాళ్లు లోతుగా ఉండాలి. సాయంత్రం పూట వెళ్లు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కొండకు వేసుకునే మందపాటి మేజోళ్లతోనే తొడిగి చూడు. లేసు బిగించి బూటు ముందు భాగాన్ని నేలకు రెండుసార్లు తన్ను. వేలు తగిలిందా, ఒక సైజు పెంచు. ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు, దిగేటప్పుడు బరువంతా ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది. కొన్న వెంటనే కొండకు వెళ్లకు, గాంధీ కొండ ఎక్కి దిగుతూ కాలికి అలవాటు చేయి.

అద్దంకి నుంచి రాజధానిని కొండవీడుకు మార్చిన రెడ్డి రాజు అనవోతారెడ్డి, శత్రువు సులువుగా ఎక్కలేని చోటే చూసుకుని ఉంటాడు. మనం ఎక్కేది ఆ కొండే.

పటమట అక్క:
మాస్టారు గారు మోకాళ్ల సంగతి వదిలేశారు. దిగుడులో రెండు చేతులా ఊతకర్రలుంటే ప్రాణానికి హాయి. ఖరీదైనవి అక్కర్లేదు, గట్టి వెదురు కర్రలైనా ఫరవాలేదు. జీన్స్ మాత్రం వద్దు తమ్ముడూ, చెమటకు తడిసి తొడలకు అతుక్కుపోతుంది. త్వరగా ఆరే పాలిస్టర్ ప్యాంటు మేలు. తిండి చేతి సంచిలో పట్టుకుని నడవకు. కోటప్పకొండ మీద కాకులు వాలవంటారు గానీ, కోతులు మా పులిహోర పొట్లాన్ని వదల్లేదు!

కృష్ణలంక కుర్రాడు:
నీళ్లు ఎన్ని మోయాలి? పాము కరిస్తే పనికొస్తుందనే కత్తి, తాడు పెట్టుకున్నాను, అవీ తీసేయాలా?

బ్రాడీపేట మాస్టారు:
గంటకు అర లీటరు లెక్కన మనిషికి 3 లీటర్లు. అంటే 3 కిలోలు, నీ సంచిలో అసలు బరువు ఇదే. సీసాలను వీపుకు ఆనుకునేలా పెట్టు, అడుగున పడేస్తే సంచి వెనక్కి లాగుతుంది. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు చాలు.

కత్తి, తాడు రెండూ తీసేయి. కాటు వేసిన చోట కోయకూడదు, బిగించి కట్టకూడదు. కరిచిన కాలు కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేసి, మోసుకుని దించాలి. ఫోను వెలుగుతో దారి చూసుకుంటే చార్జింగ్ అయిపోయి ఆ ఒక్క ఫోనూ పలకదు. అందుకే తలకు కట్టుకునే లైటు విడిగా కొను. డిసెంబరులో ఆరు గంటలకే చీకటి పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నా సరే, వెనక్కి తిరగండి.